రోజుకు 80 దిర్హమ్‌లు: ఒక ఖల్లివల్లి కేసు

2024 జులైలో ఒకామె తన అన్నను వెంటబెట్టుకుని మా హెల్ప్ డెస్క్‌కి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో భర్త పాస్‌పోర్ట్ జిరాక్సు, రెండు ప్రామిసరీ నోట్ల కాపీలు, బంగారం కుదువపెట్టిన రసీదు. కూర్చోగానే అడిగింది ఒక్కటే: "సారూ, మా ఆయన కాలిరిగి రూములనే పడి ఉన్నడు. దవాఖానకు పోతే పట్టుకుంటరంట. నిజమేనా?"

నేను జగిత్యాల వైపు గల్ఫ్ వలస కేసులు చూస్తుంటాను. ఈ ఒక్క కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో నేను రెండుసార్లు తప్పు నిర్ణయం తీసుకున్నాను. రెండుసార్లూ తప్పింది ఒకే చోట: చట్టం లెక్క చూశాను, డబ్బు లెక్క చూడలేదు. అతని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, కంపెనీలు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. పేరు రాజన్న అనుకుందాం, అసలు పేరు అది కాదు.

నేపథ్యం

రాజన్నకు నలభై దగ్గర వయసు. ఏడో తరగతి దాకా చదివాడు. రెండెకరాల పొలం ఉంది, రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. భార్య బీడీలు చుడుతుంది, ఇద్దరు ఆడపిల్లలు. 2021 జనవరిలో పక్క ఊరి సబ్ ఏజెంట్‌కి 90 వేలు కట్టి దుబాయ్ వెళ్లాడు. మా దగ్గర యూఏఈలో ఎక్కడికి పోయినా దుబాయ్ పోయాడనే అంటారు, నిజానికి అతను ఉన్నది షార్జాలో.

వెళ్లింది విజిట్ వీసా మీద. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (వలసకు ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి) కిందికి వస్తుంది. అలాంటివాళ్లు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో క్లియరెన్స్ తీసుకోవాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఈ దారిన వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరిగా వస్తుంది. విజిట్ వీసా అంటే చుట్టం చూపుగా పోతున్నట్టు, కాబట్టి క్లియరెన్స్ లేదు, కాగితం లేదు, బీమా లేదు. "అక్కడికి పోయినంక కంపెనీ వీసా కొట్టిస్తరు" అన్నాడు ఏజెంటు.

అతని విషయంలో అది జరిగింది కూడా. 2021 మార్చిలో ఒక క్లీనింగ్ కంపెనీ రెండేళ్ల వీసా ఇచ్చింది. జీతం 1,000 దిర్హమ్‌లు, రూము కంపెనీదే. కానీ వీసా ఖర్చని నెలకు 250 పట్టుకున్నారు. నియామకం ఖర్చు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదని అక్కడి చట్టంలోనే ఉంది, అయినా పట్టుకున్నారు. అందులో తిండికి 300, ఫోనుకు 50 పోతే మిగిలేది 400. ఒక దిర్హమ్ 2024లో సుమారు 23 రూపాయలు, అతను వెళ్లినప్పుడు ఇంకా తక్కువ. పద్నాలుగు నెలలు చేశాడు, చివరి మూడు నెలలు జీతమే రాలేదు. 2022 మేలో ఒక రాత్రి బట్టలు తీసుకుని రూము మారాడు. మావాళ్లు "ఖల్లివల్లి అయిండు" అంటారు. వదిలెయ్, పోనీ అనే అర్థమున్న అరబ్బీ మాట అది, కంపెనీని వదిలి కాగితాల్లేకుండా బయట పనిచేసే మనిషికి పేరైపోయింది.

కొన్ని వారాలకు కంపెనీ అతను పారిపోయాడని రిపోర్టు పెట్టింది. ఆ ఒక్క కాగితంతో కంపెనీకి చాలా మిగులుతుంది. మూడు నెలల బాకీ, ఏడాది దాటితే ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, ఇంటికి పంపే టికెట్టు, వీటన్నిటినీ అడగాల్సిన మనిషి ఇక బయటికి వచ్చి అడగలేడు. ప్రతి రిపోర్టూ దురుద్దేశంతో పెడతారని నేను అనను, చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లతో కంపెనీలకు నిజంగానే ఇబ్బంది ఉంటుంది. కానీ జీతం ఎగ్గొట్టిన కంపెనీ అదే రిపోర్టు పెట్టినప్పుడు బాకీ పడ్డవాడు ఫిర్యాదుదారు అవుతాడు, డబ్బు రావాల్సినవాడు నేరస్తుడవుతాడు.

వచ్చిన సమస్య

మా దగ్గరికి వచ్చేనాటికి పరిస్థితి ఇది. 2024 జూన్‌లో స్కాఫోల్డింగ్ (పరంజా) మీద నుంచి జారి కుడి మడమ దగ్గర దెబ్బ తగిలింది. పెద్దాసుపత్రిలో ఐడీ అడుగుతారని ఒక చిన్న క్లినిక్‌లో 350 దిర్హమ్‌లు నగదు ఇచ్చి కట్టు కట్టించుకున్నాడు. పని చేయించుకున్న, సైట్లకు మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టర్ అప్పటికి 51 రోజుల కూలీ, అంటే 4,080 దిర్హమ్‌లు బాకీ. వీసా గడువు 2023 మార్చిలోనే తీరిపోయింది, ఆ తర్వాత రోజుకు 50 దిర్హమ్‌ల చొప్పున జరిమానా పెరుగుతోంది. ఊళ్లో అప్పు ఎంతుందో భార్య ఒక అంకె చెప్పింది, అతను ఫోన్‌లో ఇంకో అంకె చెప్పాడు. ఆ తేడాను నేను ఆ రోజు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే రెండు నెలలు కలిసొచ్చేది.

కూలీ లెక్క

ఈ లెక్క నాకు కేసు సగంలో తెలిసింది, చదివేవాళ్లకు ముందే చెప్తే మిగతాది అర్థమవుతుంది.

కాగితాల్లేని మనిషిని చవగ్గా దొరుకుతాడని పెట్టుకుంటారని అందరం అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. కానీ రాజన్నకు రోజుకు 80 దిర్హమ్‌లు ఇచ్చేవాడు కాంట్రాక్టర్. నెలకు 26 రోజులు పని ఉంటే 2,080. కంపెనీ వీసా మీద అదే పనికి వచ్చే జీతం కన్నా రెట్టింపు. మరి కాంట్రాక్టర్‌కి లాభమెక్కడ?

తర్వాత ఆయనతో మాట్లాడినప్పుడు ఆయనే చెప్పాడు. మనిషికి వీసా కొట్టిస్తే జీతం 1,000, క్యాంపులో బెడ్డుకు 300, వీసా, లేబర్ కార్డు, మెడికల్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి రెండేళ్లకు దాదాపు 6,000, అంటే నెలకు 250. గ్రాట్యుటీ, టికెట్టుకు నెలకు ఇంకో 150. మొత్తం 1,700. ఇది పని ఉన్నా లేకున్నా నెల తిరిగేసరికి పడే ఖర్చు, పైగా జీతం వేజ్ ప్రొటెక్షన్ పద్ధతిలో బ్యాంకు ద్వారానే పోవాలి, ఆలస్యమైతే ప్రభుత్వానికి తెలిసిపోతుంది. ఖల్లివల్లికి పని ఉన్న రోజు 80, లేని రోజు సున్నా, అదీ చేతికి నగదు.

1,700ని 80తో భాగించండి. 21 రోజుల కొంచెం పైన వస్తుంది. నెలలో అంతకన్నా ఎక్కువ రోజులు పని ఉంటే వీసా ఉన్న మనిషే కాంట్రాక్టర్‌కి చవక. తక్కువుంటే ఖల్లివల్లి చవక. ఆయనకు పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర దొరికేది నెలకు 17, 18 రోజుల పని. పై కాంట్రాక్టర్ ఆయనకు మనిషికి రోజుకు 110 లెక్కన ఇస్తాడు, అదీ బిల్లు పెట్టిన మూడు నెలలకు. కాబట్టి ఆయన కొంటున్నది రాజన్న కష్టాన్ని ఒక్కదాన్నే కాదు. పని లేని రోజున ఏమీ ఇవ్వక్కర్లేని వెసులుబాటును కూడా కొంటున్నాడు. పై నుంచి బిల్లు రాని మూడు నెలలకు ఈ కూలీల బాకీయే ఆయనకు వడ్డీ లేని అప్పు. ఎప్పుడూ నెలా రెండు నెలల కూలీ ఆపి ఉంచడం అలవాటుగా మారేది ఇక్కడే. ఆ ఆపిన డబ్బు ఉన్నంతకాలం మనిషి ఇంకో చోటికి పోడు, పోతే దాన్ని వదులుకోవాలి.

రాజన్న వైపు నుంచి చూడండి. నెలకు సగటున 18 రోజులు, 1,440 దిర్హమ్‌లు. బెడ్ స్పేస్ 350, తిండి 300, బస్సు, ఫోను 100. మిగిలేది 690. కంపెనీలో మిగిలిన 400 కన్నా ఇది ఎక్కువే, కాబట్టి అతను తెలివితక్కువగా కంపెనీ వదిలాడని అనడం అన్యాయం, మూడు నెలలు జీతం రాని మనిషి వేరే ఏం చేస్తాడు. కానీ వీసా తీరిన తర్వాత జరిమానా నెలకు 1,500. అతను మిగుల్చుకునేదాని కన్నా రెట్టింపు వేగంతో ఆ దేశానికి బాకీ పడుతున్నాడు. రెండేళ్ల పైచిలుకు, దాదాపు 25 నెలలు బయట పనిచేసి మిగిల్చినదంతా కలిపితే 17 వేల చిల్లర. 2024 సెప్టెంబర్ ఒకటి నాటికి జరిమానా దాదాపు 500 రోజులకు సుమారు 25 వేలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూపించినప్పుడు అతని భార్య చాలాసేపు మాట్లాడలేదు.

మొదట చేసినవి, ఫలించనివి

మొదట విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడి మన అధికారులు పాత కంపెనీకి ఫోన్ చేశారు, పారిపోయిన మనిషని వాళ్లు జవాబిచ్చారు, విషయం అక్కడే ఆగింది. 2022 నాటి మూడు నెలల జీతం కోసం అక్కడి లేబర్ ఫిర్యాదుకు వెళ్దామా అని చూస్తే, అప్పుడు అమల్లో ఉన్న చట్టం ప్రకారం హక్కు ఏర్పడిన ఏడాదిలోపే అడగాలి. రెండేళ్లు దాటిపోయింది. ఆ ఏడాదంతా అతను అడిగితే పట్టుబడతానని భయపడుతూ గడిపాడు. గడువు చట్టంలో ఉంది, దాన్ని వాడుకునే ధైర్యం ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

రెండోది ఏజెంటు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా పనికి మనుషుల్ని పంపడం నేరం. పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చాం. ఏజెంటు వచ్చి, నేను విజిట్ వీసా, టికెట్టు ఇప్పించాను, ఉద్యోగం ఇస్తానని ఎక్కడ రాసిచ్చాను అన్నాడు. 90 వేలు చేతికి ఇచ్చింది, రసీదు లేదు. పైగా అతను రాజన్న వదినకు దూరపు చుట్టం. దరఖాస్తు ఇచ్చిన వారానికి చుట్టాలంతా రాజన్న భార్యతో మాట్లాడటం మానేశారు. కేసు పెట్టడం తప్పని ఇప్పటికీ అనుకోను, కానీ పెట్టిన సమయం తప్పు. చుట్టాల అండ అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన నెలలో ఆమెను నేను ఒంటరిని చేశాను.

మూడోది నా అసలు తప్పు. ఆగస్టు మొదట్లో యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. సెప్టెంబర్ 1 నుంచి రెండు నెలలు. వీసా గడువు దాటినవాళ్లు, పారిపోయారని రిపోర్టు ఉన్నవాళ్లు కూడా జరిమానా లేకుండా దేశం వదలొచ్చు, మళ్లీ రాకుండా నిషేధం ఉండదు. లేదా కొత్త యజమాని దొరికితే అక్కడే ఉండి వీసా సరిచేసుకోవచ్చు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. 25 వేల దిర్హమ్‌లు, అంటే ఐదున్నర లక్షల పైన మాఫీ! వెంటనే ఫోన్ చేసి, తమ్ముడూ, మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టి వచ్చెయ్ అన్నాను.

"గిప్పుడొస్తే మిత్తి ఎవరు కడ్తరు సారూ?" అన్నాడు. నేను ఆరోగ్యం గురించి, జరిమానా గురించి చెప్తూ పోయాను. ఆ తర్వాత పది రోజులు ఫోన్ ఎత్తలేదు.

ఆ పది రోజులు నాకు చాలా టెన్షన్‌గా గడిచాయి. ఎందుకు ఎత్తట్లేదో తర్వాత అర్థమైంది. నాకు మాఫీ అనిపించిన డబ్బు అతను ఎప్పుడూ కట్టబోయేది కాదు, కట్టగలిగేదీ కాదు, కాబట్టి అది అతనికి లాభంగా కనిపించలేదు. అతనికి కనిపించేది ఊళ్లో గుమ్మం ముందు నిలబడే అప్పులాయన.

దారి మారిన చోట

అప్పుడు మళ్లీ మొదటికి వచ్చి, భార్యను ప్లాస్టిక్ కవరు తీసుకుని రమ్మన్నాను. కాగితాలన్నీ బల్ల మీద పరిచి లెక్క వేశాం. బంగారం మీద 60 వేలు, మహిళా సంఘం లోను 40 వేలు, ఇవి స్పష్టంగా ఉన్నాయి. తేడా అంతా మూడోదాంట్లో. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు, ఆమె లెక్కలో 1,80,000. అప్పులాయన నేరుగా రాజన్నకు ఫోన్ చేసి మిత్తి మీద మిత్తి కలిపి 2,60,000 అని చెప్పాడట. భార్యకు ఆ సంగతి తెలియదు, ఆమెను భయపెట్టడమెందుకని అతను చెప్పలేదు. ఒకరినొకరు కాపాడుకోవాలని ఇద్దరూ దాచిపెట్టుకున్న అంకె ఇది. అక్కడ అతను విరిగిన కాలితో మళ్లీ స్కాఫోల్డింగ్ ఎక్కుదామనుకున్నది ఆ 80 వేల తేడా కోసమే.

ఈసారి పోలీస్ స్టేషన్‌కి పోలేదు. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులను, ఆమె సంఘం లీడర్‌ను కూర్చోబెట్టి అప్పులాయనను పిలిపించాం. నోట్ల మీద రాసింది చక్రవడ్డీ కాదు. ఇంతవరకు కట్టిన మిత్తి ఆమె ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసిపెట్టుకుంది. రెండు గంటల మాటల తర్వాత 1,80,000 దగ్గర ఆగింది. నవంబర్ నుంచి ఆరు నెలలు మిత్తి మాత్రమే, ఆ తర్వాత అసలు. ఆ సాయంత్రం ఆమె పంచాయితీ కాగితం ఫొటో తీసి పంపింది. రాత్రి పదకొండింటికి రాజన్నే నాకు ఫోన్ చేశాడు.

అప్పుడు కూడా వచ్చెయ్ అనలేదు. ఉండే దారి కూడా వెతుకుదాం అన్నాను. షార్జాలో మాకు తెలిసిన ఒక తెలుగు వాలంటీరు మూడు చోట్ల అడిగాడు. ఒక కంపెనీ వీసా ఇస్తానంది, జీతం 1,200, కానీ ముందు 6,000 దిర్హమ్‌లు అతనే కట్టాలట. అంటే లక్షా ముప్పై ఎనిమిది వేల రూపాయలు. క్షమాభిక్ష ఇచ్చింది ప్రభుత్వం, దాన్ని అమ్ముకుంటున్నది మధ్యవాళ్లు. కొత్త అప్పు చేసి, ఎక్స్‌రే కూడా తీయని కాలితో, రెండేళ్లు ఆ అప్పు తీర్చడానికే పనిచేయడం. ఆ లెక్క నేను వేయలేదు, అతనే ఫోన్‌లో వేసి చెప్పాడు. "వద్దు సారూ, వస్త. గని నా 51 దినాల పైసలు?"

ఇక్కడ నాకు కేసులోకెల్లా కష్టమైన నిర్ణయం ఎదురైంది. అదే ఆగస్టులో యూఏఈ చట్టం మార్చి, పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానాను లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌లకు పెంచింది. అంతకు ముందు 50 వేల నుంచి రెండు లక్షలు ఉండేది. కాంట్రాక్టర్‌తో, బాకీ ఇవ్వకపోతే నువ్వెవరో చెప్పేస్తాం అనొచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది. రెండు కారణాలతో ఆగాను. ఒకటి, ఆయన దగ్గర ఇంకో తొమ్మిది మంది ఇలాంటివాళ్లే ఉన్నారు, తనిఖీ వస్తే ముందు పట్టుబడేది వాళ్లు. రెండు, 4,080 దిర్హమ్‌ల కోసం లక్షల జరిమానా భయం చూపిస్తే ఆయన ఫోన్ ఆపేసి మాయమవుతాడు తప్ప డబ్బివ్వడు. భయపెట్టడం ఎక్కువైతే బేరం మిగలదు.

అలాగని ఆయన దయ మీద వదిలేయలేదు. ఆయనకు నిజంగా ఏం కావాలో ఆలోచించాం. క్షమాభిక్షలో తొమ్మిది మందిలో చాలామంది వెళ్లిపోతారు, టైల్స్ పని వచ్చిన ముగ్గురికి ఆయన వీసా కొట్టించి ఉంచుకోవాలని చూస్తున్నాడు. కాగితాల్లేని ఆ లోకంలో కోర్టు పనిచేయదు, కానీ క్యాంపులో పేరు పనిచేస్తుంది. ఫలానా మనిషి కాలిరిగినవాడి పైసలు తిన్నాడనే మాట రూముల్లో తిరిగితే ఆ ముగ్గురు కూడా ఉండరు. కాబట్టి మాట్లాడాల్సింది నేను కాదు, ఆ ముగ్గురు. రాజన్న రూమ్‌మేట్స్‌లో ఒకతను వాళ్లలో ఉన్నాడు, అతనితో కాంట్రాక్టర్‌కి చెప్పించాం.

ఇంకో ఆయుధం రాజన్న జేబులోనే ఉంది. మొదటి కంపెనీలో మోసపోయిన తర్వాత అతను చిన్న డైరీ పెట్టుకున్నాడు. తేదీ, సైటు, గంటలు, ఇచ్చిన పైసలు. ప్రతి పేజీ ఫొటో తీసి పంపాడు. కూలీ రేపిస్తా, ఎల్లుండిస్తా అన్న కాంట్రాక్టర్ వాయిస్ మెసేజ్‌లు ఆ తేదీలతో సరిపోయాయి. ఆయన వాదించింది ఏడు రోజుల గురించే. ఏప్రిల్ 16న యూఏఈలో రికార్డు వర్షం పడింది కదా, ఆ వారం సైటు మూతపడిందన్నాడు. ఆ వారమంతా బేస్‌మెంట్‌లో నీళ్లు తోడించారని రాజన్న అన్నాడు. నేను రాజన్న మాటే నమ్ముతాను. అయినా ఆ ఏడు రోజులు వదిలేద్దామా అని అడిగాను, రెండు రోజులు ఆలోచించి సరే అన్నాడు. 44 రోజులు, 3,520 దిర్హమ్‌లు. 2,000 వెంటనే, మిగతా 1,520 ప్రయాణానికి ముందు రోజు. రెండూ అందాయి.

కాంట్రాక్టర్ నాతో ఫోన్‌లో ఒక మాట అన్నాడు. "అన్నా, నేను కూడా పదిహేనేళ్ల కింద ఖల్లివల్లినే. నాకు బిల్లు రాకుండా నేనెక్కడి నుంచి ఇయ్యాలె?" ఆ మాట అబద్ధం కాదు. అలాగని బాకీ తీరిపోదు. మూడు నెలలు ఆలస్యంగా బిల్లు ఇచ్చే పై కాంట్రాక్టర్ కాగితాల్లో అందరూ వీసా ఉన్న మనుషులే కనిపిస్తారు. 110 దిర్హమ్‌ల రేటుకు నెలలో సగం రోజుల పని ఇస్తే కింద ఎలాంటి మనుషులు వస్తారో ఆయనకు తెలియదా? తెలుసు. ఆ గొలుసులో పైకి పోయేకొద్దీ లాభం పెరుగుతుంది, పట్టుబడే భయం తగ్గుతుంది. నా కోపం ఎక్కువగా ఆ పై మెట్టు మీదే, కానీ అక్కడిదాకా చెయ్యి చాపే సాధనం ఈ కేసులో నాకు దొరకలేదు.

మిగిలింది కాగితాల పని. పాస్‌పోర్ట్ మొదటి కంపెనీ తీసుకుంది, తిరిగి దొరకలేదు. ఇంట్లో ఉన్న జిరాక్సు సాయంతో కాన్సులేట్ నుంచి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ వచ్చింది, మావాళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే. తర్వాత ఎగ్జిట్ పర్మిట్. టికెట్టు డబ్బులు రూములోని పదకొండు మంది తలా 50 దిర్హమ్‌లు వేసుకుని ఇచ్చారు, వాళ్లలో ఎనిమిది మందికి కాగితాల్లేవు. అక్టోబర్ చివరి వారంలో శంషాబాద్‌లో దిగాడు. అక్టోబర్ 31తో ముగియాల్సిన గడువును ఆ చివరి రోజునే డిసెంబర్ 31 దాకా పెంచారు. ముందే తెలిసుంటే ఆ ఏడు రోజుల కూలీ గురించి ఇంకొంచెం గట్టిగా నిలబడేవాళ్లం.

కరీంనగర్‌లో ఎక్స్‌రే తీస్తే మడమ దగ్గర ఎముక విరిగి, వంకరగా అతుక్కుందని తేలింది. జూన్‌లోనే సరిగ్గా కట్టు కట్టి ఉంటే ఇలా అయ్యేది కాదన్నాడు డాక్టరు. కుంటు ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తోంది, మంచి నిర్ణయం, కానీ అది రాజన్నకు వర్తించేది కాదు. క్లెయిమ్ చేయడానికి బీమా లేదు. తెచ్చిన 3,520 దిర్హమ్‌లు, అంటే 80 వేల రూపాయలు, అంతా అప్పుకు పోనివ్వొద్దని గట్టిగా చెప్పాను. సగం కాలికి, తిండికి పెట్టుకుని మిగతా సగం అసలులో కట్టారు. మిగిలిన పెద్ద అప్పులో కొంత భాగాన్ని సంఘం ద్వారా స్త్రీనిధి లోనులోకి మార్చుకున్నారు, మిత్తి భారం అంత మేరకు తగ్గింది.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి రోజే ఇంటి అప్పు లెక్క అడుగుతాను, భార్యాభర్తలను విడివిడిగా. వీసా సంగతి తర్వాత. తిరిగి రావడానికి ఒప్పుకోని మనిషిని మొండివాడని అనుకోను, ఏదో ఒక అంకె అతన్ని అక్కడ పట్టి ఉంచుతోంది, ఆ అంకె నిజమో కాదో తేల్చడం నా పని.

ఫిర్యాదు ఎప్పుడు పెట్టాలి అనేది ఎక్కడ పెట్టాలి అన్నంత ముఖ్యమైంది. ఏజెంటు మీద కేసు మనిషి ఇల్లు చేరాక పెడుతున్నాను. రాజన్నది ఇంకా నడుస్తోంది.

యజమానితో మాట్లాడేముందు ఆయన ఖర్చు లెక్క కాగితం మీద వేస్తాను. 21 రోజుల లెక్క తెలియకముందు నేను రాజన్న కాంట్రాక్టర్‌ని ఉత్త దొంగలాగా చూశాను, ఏం అడిగితే ఇవ్వగలడో ఏం అడిగితే పారిపోతాడో అర్థం కాలేదు. అర్థం చేసుకోవడమంటే క్షమించడం కాదు, వదిలేసిన ఆ ఏడు రోజుల 560 దిర్హమ్‌లు ఇప్పటికీ ఆయన బాకీనే అని నా పుస్తకంలో రాసి ఉంది. డైరీ విషయం అయితే వెళ్లే ప్రతి మనిషికీ చెప్తున్నాను, పది రూపాయల నోట్‌బుక్ ఇచ్చి మరీ పంపిస్తున్నాను.

జనవరిలో రాజన్న మళ్లీ వచ్చాడు, ఈసారి చిన్నాయన కొడుకును తీసుకుని. పిల్లాడికి 23 ఏళ్లు. ఫోన్‌లో ఒక కాగితం చూపించాడు, 60 రోజుల విజిట్ వీసా, ఏజెంటు అడిగింది లక్షా పది వేలు, అడ్వాన్సు 20 వేలు అప్పటికే ఇచ్చాడు. నేను ఈ-మైగ్రేట్ గురించి చెప్పబోతుంటే రాజన్న ఆగమన్నాడు. కాలు బెంచీ మీదికి చాపుకుని, నా బల్ల మీది తెల్ల కాగితం లాక్కుని, నెలకు 18 దినాలు, దినానికి 80, బెడ్డుకు 350 అని వరసగా రాసి, కింద గీత గీసి, ఇంకో పక్కన రోజుకు 50 జరిమానా అని రాసి, పెన్ను పిల్లాడి చేతికిచ్చాడు. "ఇప్పుడు నువ్వు కలుపు" అన్నాడు.